గేమ్స్ పీరియడ్ తీసేసి మ్యాథ్స్ పెట్టారు, మా వాడు రెండు అంతస్తులు ఎక్కలేకపోతున్నాడు

చిన్నూ_అమ్మ:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో తిరుగుతున్న విషయం, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి. మా బాబుకి 11 ఏళ్లు, ఆరో తరగతి. మొన్న లిఫ్ట్ పనిచేయకపోతే మెట్లెక్కి వస్తున్నాం, రెండో అంతస్తుకే ఆగిపోయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, మొహం కందిపోయింది, అమ్మా కాసేపు ఆగుదాం అన్నాడు. నేను చేతిలో రెండు సంచీలు మోసుకుంటూ వాడి వెనకాలే వస్తున్నా, నాకు ఆయాసం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే గుండె, ఊపిరితిత్తులు, రక్తం అన్నీ బాగానే ఉన్నాయి, ఒంటికి కదలిక లేదమ్మా అంతే అన్నారు.
అప్పుడు వాడి టైమ్‌టేబుల్ తీసి చూశా. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు ఉండేవి, ఈ ఏడాది ఒకటి తీసేసి మ్యాథ్స్ పెట్టారు. ఆ మిగిలిన ఒక్కదాంట్లో ఏం చేస్తావురా అంటే "టీమ్ వాళ్లు ప్రాక్టీస్ చేస్తారు, మేం గట్టు మీద కూర్చుంటాం" అన్నాడు. అంటే వారం మొత్తంలో స్కూల్లో వాడు పరిగెత్తేది సున్నా. స్కూల్‌తో ఎలా మాట్లాడాలో, అసలు రోజుకి ఎంత కావాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పిల్లల_డాక్టర్:
చిన్నూ అమ్మగారు, ముందు టెస్టులు చేయించారు కదా, మంచి పని చేశారు. ఎంత కావాలి అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ఇది: 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి వారం మీద సగటున రోజుకి 60 నిమిషాలు, మామూలు నుంచి గట్టి స్థాయి కదలిక. అందులో కనీసం వారానికి 3 రోజులు గట్టిగా ఆయాసం వచ్చేవి, కండరాలకీ ఎముకలకీ బలం ఇచ్చేవి ఉండాలి, అంటే పరుగు, గెంతడం, ఎక్కడం లాంటివి. ఒకేసారి 60 నిమిషాలు చేయాలని లేదు, 15 నిమిషాలు నాలుగు ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. మామూలు స్థాయి అంటే ఏంటని చాలామంది అడుగుతారు, పిల్లాడు మాట్లాడగలడు కానీ పాట పాడలేడు, అంతే గుర్తు.
మీ వాడు ఒక్కడే అనుకోకండి. 146 దేశాల్లో 16 లక్షల మంది స్కూల్ పిల్లల లెక్కలు కలిపి 2019లో ఒక అధ్యయనం వచ్చింది, 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ 60 నిమిషాలు అందట్లేదు. నా క్లినిక్‌లో రోజూ చూసేది కూడా ఇదే. జబ్బు ఉండదు, ఓపిక ఉండదు.

రన్నర్_నాన్న:
నన్నడిగితే తప్పు స్కూల్ ఒక్కదానిదే కాదు. మా అమ్మాయి పొద్దున 5:30కే నాతో పాటు పరుగుకి వస్తుంది, ఇంట్లో అలవాటు చేస్తే స్కూల్ గురించి ఎదురుచూడక్కర్లేదు. సాయంత్రం ఫోన్ తీసుకుని బయటికి పంపండి మేడమ్.

చిన్నూ_అమ్మ:
మీ అమ్మాయి విషయం వింటే సంతోషంగా ఉందండి. కానీ మా ఇద్దరికీ షిఫ్టులు, సాయంత్రం వాడు వచ్చేసరికి మేం ఉండం, వాడొక్కణ్ణీ బయటికి పంపే పరిస్థితి లేదు. నాలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయి. అందుకే స్కూల్ అంటున్నా.

డ్రిల్_మాస్టారు:
నేను 22 ఏళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. రన్నర్ గారు, మీరు చేసేది గొప్ప పని, కానీ మీ అమ్మాయికి మీరున్నారు. తల్లిదండ్రులకి తీరిక లేని పిల్లలు, ఇంటి ముందు జాగా లేని పిల్లలు, ఆడుకోవడానికి తోడు లేని పిల్లలు, వీళ్లందరూ ఒకే చోట దొరికేది స్కూల్లోనే. అక్కడ పెట్టింది ఒక్కటే ప్రతి పిల్లకీ అందుతుంది. నాకు ఈ విషయంలో చాలా పట్టుదల ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.
ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. చిన్నూ గట్టు మీద కూర్చుంటున్నాడంటే ఆ తప్పు మా వాళ్లది. కప్పు తెచ్చే పన్నెండు మందిని తయారు చేస్తే స్కూల్లో మా పేరు నిలబడుతుంది, మిగతా నాలుగు వందల మంది ఓపిక పెరిగిందా తరిగిందా అని ఎవరూ అడగరు. నేనూ మొదటి ఎనిమిదేళ్లు అలాగే చేశా. అవుటయ్యే ఆటలు ఆడించేవాణ్ణి, ఎవరికి ఆట తక్కువ వచ్చో వాడు మొదటి నిమిషంలోనే అవుటయ్యి పక్కన కూర్చుంటాడు, ఎవడికి అవసరం లేదో వాడు చివరిదాకా పరిగెడతాడు. ఒకరోజు చేతిలో వాచీ పెట్టుకుని లెక్కేశా, 40 నిమిషాల పీరియడ్‌లో ఒక పిల్లాడు నిజంగా కదిలింది 4 నిమిషాలు. వాడి పేరు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి మా క్లాసులో అవుట్ అనే మాట తీసేశా.

లెక్కల_టీచర్:
నేను చెప్పేది కొంతమందికి నచ్చకపోవచ్చు, కానీ నిజాయితీగా చెబుతున్నా. ఆ తీసేసిన పీరియడ్ తీసుకునేది నాలాంటి వాళ్లమే. మాకు ఇష్టమై తీసుకోం అండి, సిలబస్ కాదు, రిజల్ట్ తగ్గితే పేరెంట్స్ మీటింగ్‌లో మమ్మల్నే నిలబెట్టి అడుగుతారు, గేమ్స్ పీరియడ్ పోయిందని ఒక్క పేరెంట్ కూడా ఇంతవరకు అడగలేదు. ఇంకో భయం కూడా ఉంది, గ్రౌండ్ నుంచి వచ్చాక పిల్లలు చెమటతో, అరుపులతో ఉంటారు, సెటిల్ అవడానికి పది నిమిషాలు పడుతుంది.

డ్రిల్_మాస్టారు:
టీచర్ గారు, మీ కష్టం నాకు తెలుసు, స్టాఫ్ రూమ్‌లో రోజూ చూస్తున్నాను. కానీ చదువుకి కోత పడుతుందనే భయం గురించి ఒక పాత ప్రయోగం చెబుతా. కెనడాలోని క్యుబెక్‌లో ట్రోయా రివియేర్ అనే చోట 1970 నుంచి 1977 వరకు 546 మంది ప్రైమరీ పిల్లల్ని చూశారు, కొంతమందికి రోజూ ఒక గంట వ్యాయామం అదనంగా పెట్టారు, ఆ గంట చదువు టైమ్‌లోంచే తీసి పెట్టారు. మార్కులు తగ్గలేదు. చదువు గంటలు తగ్గినా మార్కులు తగ్గలేదంటే దాన్ని బట్టి మనం ఆలోచించాలి కదా. వ్యాయామం చేస్తే ర్యాంకులు వచ్చేస్తాయని మాత్రం నేను చెప్పను, అలా చెప్పి పేరెంట్స్‌కి ఆశ పెట్టడం నాకిష్టం లేదు. పిల్లాడి ఒళ్లు బాగుండటం దానికదే సరిపోయే కారణం.
సెటిల్ అవ్వడం గురించి: అరుపులతో వస్తున్నారంటే చివర్లో నెమ్మది చేయకుండా పంపేస్తున్నారని అర్థం. ఆఖరి రెండు నిమిషాలు నడిపించి, నీళ్లు తాగించి పంపితే ఆ సమస్య చాలావరకు పోతుంది.

నిదానం:
ఇది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నా. నాకు 34 ఏళ్లు. స్కూల్లో నేను లావుగా ఉండేదాన్ని, ప్రతి ఏడాదీ పరుగు పెట్టి స్టాప్‌వాచ్‌తో టైమ్ రాసేవాళ్లు, అందరూ అయిపోయి గీత దగ్గర నిలబడి నేనొక్కదాన్నే వస్తుంటే చూసేవాళ్లు. చప్పట్లు కూడా కొట్టేవాళ్లు, అవి ఎలాంటి చప్పట్లో నాకు తెలుసు. హోమ్‌వర్క్ చేయకపోతే గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు. అంటే పరుగు అంటే శిక్ష అని నా బుర్రలో పడిపోయింది, ఎంతగా అంటే డిగ్రీ అయ్యాక పదేళ్లు నేను షూస్ అనేవే కొనలేదు. 31లో షుగర్ బోర్డర్‌లో ఉందన్నాక నడక మొదలుపెట్టా, ఇప్పుడు రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తా, అది నాకెంత ఇష్టమో చెప్పలేను. ఈ ఇష్టం నాకు తొమ్మిదేళ్లప్పుడే దొరకాల్సింది.
రోజూ వ్యాయామం పెట్టమని అడగండి, తప్పకుండా అడగండి. కానీ దయచేసి దాన్ని శిక్షగా వాడొద్దని, అందరి ముందు బరువులు, టైములు చదవొద్దని కూడా రాయించుకోండి.

రన్నర్_నాన్న:
మీకు జరిగింది చాలా తప్పు, అక్కా. కానీ పోటీ మొత్తం తీసేస్తే ఎలా? మా అమ్మాయి ఓడిపోయిన రోజునే ఎక్కువ నేర్చుకుంది. టైమ్ చూడకపోతే మెరుగయ్యామో లేదో ఎలా తెలుస్తుంది?

నిదానం:
పోటీ కావాలనుకున్న పిల్లలకి పోటీ పెట్టండి తమ్ముడూ, నాకేం అభ్యంతరం లేదు. మీ అమ్మాయి ఓడిపోయింది రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో అయ్యుంటుంది. ప్రతిసారీ ఆఖరుగా రావడం వేరే విషయం, దాంట్లో నేర్చుకోవడానికి ఏమీ లేదు.

డ్రిల్_మాస్టారు:
ఇద్దరూ చెప్పింది నాకు అర్థమైంది. టైమ్ చూడాలి, కానీ నిన్నటి తనతో పోల్చి చూడాలి. 20 మీటర్ల షటిల్ రన్ టెస్ట్ అని ఒకటుంది, బీప్ టెస్ట్ అంటారు, బీప్ మోగేలోపు 20 మీటర్లు అటూ ఇటూ పరిగెత్తాలి, అందుకోలేకపోతే ఆగిపోవాలి. వేగం గంటకి 8.5 కిలోమీటర్లతో మొదలై నిమిషానికి గంటకి అర కిలోమీటర్ చొప్పున పెరుగుతుంది. దీన్ని ఏడాదికి రెండుసార్లు చేయిస్తా, నెంబర్ ఆ పిల్లకీ ఇంటికీ మాత్రమే చెబుతా, బోర్డు మీద రాయను. దాంట్లో కూడా ముందు ఆగిపోయిన వాళ్లని అందరూ చూస్తారనే ఇబ్బంది ఉంది, అందుకే ఐదారుగురు చొప్పున చేయిస్తా, ఆ టైమ్‌లో మిగతావాళ్లు వేరే పనిలో ఉంటారు.
స్లొవేనియాలో 1980ల నుంచి దేశం మొత్తం మీద స్కూల్ పిల్లల ఫిట్‌నెస్‌ని ఏటా కొలుస్తున్నారు, తల్లిదండ్రుల అనుమతితో. అలా కొలుస్తున్నారు కాబట్టే 2020లో స్కూళ్లు మూసేసినప్పుడు పిల్లల ఓపిక ఎంత దారుణంగా పడిపోయిందో వాళ్లకి వెంటనే తెలిసింది. కొలవడం అందుకు. ఎవర్నీ నిలబెట్టి చూపించడానికి కాదు.

ఇద్దరు_పిల్లల_నాన్న:
మా చిన్నోడికి ఆస్తమా. స్కూల్లో వాణ్ణి పూర్తిగా కూర్చోబెట్టేశారు, ఏదైనా అయితే మా బాధ్యత కాదు అన్నారు. వాడికి పరిగెత్తాలని చాలా ఆశ. డాక్టర్ గారూ, పంపించొచ్చా?

పిల్లల_డాక్టర్:
ఆస్తమా అదుపులో ఉంటే పంపించొచ్చు, పంపించాలి కూడా. రోజూ వాడే మందు మానకూడదు. మీ డాక్టర్ రాసిస్తే ఆటకి 15 నిమిషాల ముందు రిలీవర్ ఇన్‌హేలర్ తీసుకోవాలి, మొదటి పది నిమిషాలు మెల్లగా వార్మప్ చేయాలి, ఇన్‌హేలర్ గ్రౌండ్‌లో చేతికందే చోట ఉండాలి, ఆఫీస్ రూమ్ బీరువాలో కాదు. ఇదంతా ఒక కాగితం మీద డాక్టర్ సంతకంతో స్కూల్‌కి ఇవ్వండి, వాళ్ల భయం కూడా తగ్గుతుంది.
ఆపాల్సింది ఎప్పుడో కూడా చెప్పేస్తా. పరిగెడుతూ స్పృహ తప్పి పడిపోవడం, శ్రమ చేసేటప్పుడు ఛాతీలో నొప్పి, లేదా కుటుంబంలో ఎవరైనా 50 ఏళ్లలోపు హఠాత్తుగా గుండె ఆగి పోయి ఉండటం, వీటిలో ఏదున్నా ముందు గుండె పరీక్ష చేయించాకే గ్రౌండ్‌కి పంపాలి. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద బుడిపెలా వచ్చి నొప్పి అంటే చాలావరకు ఎముక పెరిగే చోట ఒత్తిడి వల్ల వచ్చేదే, గెంతడం కొన్నాళ్లు తగ్గిస్తే సర్దుకుంటుంది, దాని కోసం ఏడాది పొడుగునా కూర్చోబెట్టక్కర్లేదు.

పదో_తరగతి:
నేను స్టూడెంట్‌ని, పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నా సారీ. మా క్లాసులో అమ్మాయిలు ఎందుకు గ్రౌండ్‌కి రారో ఎవరూ అడగరు, బద్ధకం అనేస్తారు. బట్టలు మార్చుకోవడానికి రూమ్ లేదు, బాత్‌రూమ్‌లో నీళ్లు రావు, పీరియడ్స్ వచ్చిన రోజు సార్‌కి చెప్పలేం, పరిగెడుతుంటే అబ్బాయిలు గట్టు మీద కూర్చుని చూస్తారు. నాకు ఐదో తరగతి దాకా పరుగంటే ప్రాణం. ఇప్పుడు తలనొప్పి అని చెప్పి క్లాసులోనే ఉండిపోతున్నా.

పిల్లల_డాక్టర్:
సారీ ఎందుకమ్మా, ఇక్కడ అందరికంటే అవసరమైన మాట నువ్వే చెప్పావు. నేను పైన చెప్పిన లెక్కలో ఆ 60 నిమిషాలు అందనివాళ్లు అబ్బాయిల్లో 78 శాతం అయితే అమ్మాయిల్లో 85 శాతం, ఆ తేడా వెనకాల నువ్వు రాసినవన్నీ ఉన్నాయి. ఇదే వయసులో ఎముకలకి కదలిక మరీ అవసరం. పొడుగు వేగంగా పెరిగే ఆ రెండేళ్ల చుట్టూ, పెద్దయ్యాక ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు చేరుతుంది. ఆ టైమ్ మళ్లీ రాదు. పీరియడ్స్ రోజున ఒంట్లో బాగుంటే ఆడుకోవచ్చు, ఏ హానీ లేదు, కొంతమందికి నొప్పి కూడా తగ్గుతుంది. బాగోకపోతే కారణం చెప్పకుండానే ఆగే స్వేచ్ఛ ఉండాలి.

డ్రిల్_మాస్టారు:
అమ్మా, మా స్కూల్లో ఒక చిన్న ఏర్పాటు చేశాం, మీ స్కూల్లో అడిగి చూడండి. ఒక మేడమ్ దగ్గర చిన్న కార్డులుంటాయి, ఎవరైనా వెళ్లి తీసుకోవచ్చు, కార్డు ఇస్తే నేను ఏమీ అడగను, ఆ రోజు వాళ్లు నడుస్తారు లేదా స్కోరు రాస్తారు. ఇంకా గట్టు మీద ఎవర్నీ కూర్చోనివ్వను. చూసేవాళ్లే లేకపోతే సగం ఇబ్బంది పోయింది.

చిన్నూ_అమ్మ:
ఇవన్నీ చదివి ధైర్యం వచ్చింది. మాస్టారూ, స్కూల్ వాళ్లు మాకు గ్రౌండ్ చిన్నది, పీరియడ్ లేదు, మాస్టర్ ఒక్కరే అంటే ఏం చెప్పాలి?

డ్రిల్_మాస్టారు:
పీరియడ్ అడక్కండి, 15 నిమిషాలు అడగండి. స్కాట్లాండ్‌లో స్టర్లింగ్ అనే ఊళ్లో 2012లో ఎలైన్ వైలీ అనే హెడ్ టీచర్ మొదలుపెట్టారు, డైలీ మైల్ అంటారు. రోజూ 15 నిమిషాలు క్లాసు మొత్తం బయటికి వచ్చి తమ వేగంతో తాము పరిగెత్తడమో నడవడమో చేస్తారు, యూనిఫామ్‌తోనే, బట్టలు మార్చుకునేది లేదు, సామాను లేదు, గెలుపు ఓటమి లేదు, క్లాస్ టీచరే తీసుకెళ్తారు. తర్వాత అక్కడి రెండు స్కూళ్ల పిల్లల్ని పోల్చి చూసి 2018లో ఫలితాలు ప్రచురించారు, చేసిన పిల్లల ఓపిక పెరిగింది, ఒంట్లో కొవ్వు కాస్త తగ్గింది. 15 నిమిషాలతో 60 పూర్తవదు, తెలుసు. కానీ రోజూ జరిగే 15, వారానికోసారి జరగకుండా పోయే 40 కంటే ఎంతో మేలు.
పరుగు మాత్రమే అయితే నెలకి విసుగొస్తుంది, అది నా అనుభవం. అందుకే నేను వారానికి రెండు రోజులు నాలుగు మూలల పద్ధతి పెడతా. ఒక మూల తాడాట, ఒక మూల తొక్కుడుబిళ్ల గీతల మీద గెంతడం, ఒక మూల గోడకి చేతులు ఆనించి తోయడం, ఒక మూల బంతి విసిరి పట్టుకోవడం. నలభై మంది ఉంటే మూలకి పది మంది, విజిల్ వేస్తే మారతారు, ఎవరూ లైనులో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూడరు. దీనికి పెద్ద గ్రౌండ్ అక్కర్లేదు, రెండు క్లాస్‌రూముల జాగా చాలు. ఎండ ఎక్కువగా ఉండే రోజుల్లో మొదటి పీరియడ్‌లోపే అయిపోవాలి, నీళ్లు దగ్గర ఉండాలి, ఇది మాత్రం రాజీ పడొద్దు.

పిల్లల_డాక్టర్:
బయట అన్నది కూడా పట్టుపట్టండి. చైనాలో గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకి స్కూల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపేలా చేసి మూడేళ్లు చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. కొత్తగా దూరపు చూపు మందగించిన పిల్లలు 30.4 శాతం, మామూలు టైమ్‌టేబుల్ స్కూళ్లలో 39.5 శాతం. కళ్లద్దాల గురించి మాట్లాడితే పేరెంట్స్ తొందరగా వింటారు, నేను గమనించా.

లెక్కల_టీచర్:
ఐదు వారాల తర్వాత వస్తున్నా. మాస్టారి మాటలు మనసులో ఉండిపోయాయి, మా ఏడో తరగతితో మొదలుపెట్టా, రెండో పీరియడ్ అయ్యాక 15 నిమిషాలు నేనే తీసుకెళ్తున్నా. మొదటి వారం ఘోరం, లైను కట్టడం, నీళ్ల బాటిళ్లు, షూ లేసులు, 15 కాస్తా 28 అయ్యింది, మానేద్దాం అనుకున్నా. తర్వాత లైను తీసేశా, బెల్ కొట్టగానే నేరుగా బయటికి, మళ్లీ విజిల్ వేస్తే లోపలికి, ఇప్పుడు 17 నిమిషాల్లో అయిపోతోంది. మార్కుల గురించి ఐదు వారాలకి ఏమీ చెప్పలేను. మధ్యాహ్నం ముందు పీరియడ్‌లో తలలు బెంచీ మీద పెట్టేవాళ్లు తగ్గారు, అది మాత్రం నా కళ్లతో చూస్తున్నా. నేను కూడా వాళ్లతో నడుస్తున్నా, ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్ల నడుస్తూ నడుస్తూ నాకు భిన్నాలు అర్థం కావు టీచర్ అని చెప్పింది. క్లాసులో రెండేళ్లుగా చెప్పలేదు.

చిన్నూ_అమ్మ:
టీచర్ గారూ మీరు రాసింది చదివితే కళ్లు చెమర్చాయి. మా దగ్గర కూడా నలుగురు పేరెంట్స్ కలిసి వెళ్లాం, గేమ్స్ పీరియడ్ తిరిగి ఇవ్వలేదు కానీ పొద్దున అసెంబ్లీని కుదించి 15 నిమిషాలు ఇచ్చారు, ఏడు వారాలైంది. మొదట్లో చిన్నూ ఒక రౌండ్ పరిగెత్తి మూడు రౌండ్లు నడిచేవాడట, ఇప్పుడు మూడు పరిగెత్తి ఒకటి నడుస్తున్నాడు, నేను అడక్కుండానే రోజూ వచ్చి చెబుతున్నాడు. బరువు పెద్దగా ఏం తగ్గలేదు, డాక్టర్ గారు అది చూడొద్దన్నారు, చూడట్లేదు. మొన్న ఆదివారం లిఫ్ట్ పనిచేస్తున్నా మెట్లెక్కుదామన్నాడు. మూడో అంతస్తులో ఆగాడు, కానీ నా కోసం ఆగాడు.
ఒకటే బాధ. నిన్న సర్క్యులర్ వచ్చింది, పరీక్షలు దగ్గరికొస్తున్నాయి కాబట్టి రాబోయే ఆరు వారాలు ఆ 15 నిమిషాలు రివిజన్‌కి అని.

డ్రిల్_మాస్టారు:
ఇది ప్రతి ఏడాదీ వస్తుంది. ఆరు వారాలు ఆపితే పెరిగిన ఓపికలో చాలా భాగం పోతుంది, పిల్లలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అది వాళ్లకి ఎంత నిరుత్సాహమో ప్రిన్సిపల్‌కి చెప్పండి. ఆపొద్దు, కావాలంటే 10 నిమిషాలు చేయమనండి.

నిదానం:
చిన్నూని కూడా తీసుకెళ్లండి అక్కా. రౌండ్ల లెక్క వాడి నోటితోనే చెప్పనివ్వండి.

చిన్నూ_అమ్మ:
తీసుకెళ్తా. రేపు 9 గంటలకి అపాయింట్‌మెంట్, ఈసారి తొమ్మిది మంది పేరెంట్స్ వస్తున్నారు.

లెక్కల_టీచర్:
పరీక్షల నెలలో కూడా ఆపకుండా మేం వేసుకున్న టైమ్‌టేబుల్ ఫొటో మీకు పంపిస్తున్నా, ప్రిన్సిపల్‌కి చూపించండి. ఆ 15 నిమిషాలు ఎక్కడి నుంచి తీశామో పెన్‌తో గీసి పెట్టా, రెండు నా పీరియడ్లలోంచే పోయాయి.